వన్యప్రాణుల పునరావాస కేంద్రంలో పనికి చేరిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పనిలోకి దిగేముందు ఒక మాట చెవిన వేసుకో. మనం బాగుచేసి వదిలే పావురాలతోనో ఉడతలతోనో వాటి జాతికి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. రాబందుల సంగతి వేరు. అవి ఈడుకు రావడానికే ఏళ్లు పడుతుంది, చాలావరకు ఏడాదికి ఒక్క గుడ్డే. అక్కడ ఒక్క పక్షి బతికినా లెక్కే. మిగతా వాటి విషయంలో అడవికి మనమిచ్చేది ఎక్కువగా రిజిస్టరులోనే ఉంటుంది.

జంతువు రాగానే తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడుగు: సరిగ్గా ఎక్కడ దొరికింది, ఎప్పుడు, పక్కన కరెంటు తీగ ఉందా, రోడ్డా, మందు చల్లిన పొలమా? "గద్ద, రెక్క విరిగింది" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఒకే స్తంభం కింద దొరికిన మూడో గద్ద అని పుస్తకంలో ఉంటే, ఆ తీగకు తొడుగు వేయించమని గట్టిగా అడగొచ్చు. చచ్చినదాన్నీ రాయి, పోస్టుమార్టం చేయించు. అప్పట్లో పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు దక్షిణాసియా రాబందుల కిడ్నీలను చెడగొడుతోందని 2004లో బయటపడింది చచ్చిన పక్షులను కోసి చూడబట్టే.

చికిత్సలో వరస తప్పకు. ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆపైనే తిండి. ఒళ్లు చల్లబడ్డ పిల్లకు పాలు పడితే అరగవు. రోజుల తరబడి మాడినదానికి ఒక్కసారే కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఉడత పిల్లను వెల్లకిలా పట్టుకోకు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా పట్టుకుని సిరంజితో ఒక్కో బొట్టు, మింగాకే ఇంకోటి. ముక్కులో బుడగ కనబడిందా, వెంటనే ఆపి తల కిందికి వంచు. తర్వాత తడి దూదితో అడుగుభాగం తుడువు. కళ్లు తెరవని పిల్ల దానంతటది ఒంటికీ రెంటికీ పోలేదు. ఆవుపాలు వద్దేవద్దు, విరేచనాలు పట్టుకుంటాయి.

జింకను తరమొద్దు. బెదిరి పరుగెత్తిన జింకకు కండరాలు దెబ్బతింటాయి. గాయం మానుతుండగానే రెండు మూడు రోజులకు పోవచ్చు. కళ్లకు గుడ్డ కట్టి, మాటల్లేని చీకటి గదిలో ఉంచు.

గుడ్లగూబ పిల్లతో ముద్దులాడకు, ఫొటోలకు ఎవరినీ రానివ్వకు. మన ముఖం చూస్తూ పెరిగితే మనుషులే తన జాతి అనుకుంటుంది. ముఖం కప్పుకునే మేత పెట్టు.

వదిలేటప్పుడు దొరికిన చోటికి దగ్గరలోనే వదులు, రాత్రి తిరిగేదాన్ని సందెవేళ. గద్ద అయితే ముందు పొడవాటి పంజరంలో రొప్పకుండా ఎగరాలి. రోగ పరీక్షలు మానొద్దు, లేకుంటే ఒకదాన్ని కాపాడబోయి అడవిలో ఉన్నవాటికి జబ్బు అంటిస్తాం. పక్షి అయితే కాలికి రింగు వేసి, ఆ నంబరు మొదట రాసిన పేజీలోనే ఎక్కించు. పక్కన ఒక గడి ఖాళీగా వదులు, రింగు మళ్లీ ఎక్కడైనా కనబడితే రాయడానికి.