82 పర్సంటైల్‌తో ఐఐఎం వస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. జనరల్ కేటగిరీ. మెకానికల్ బీటెక్‌లో 64 శాతం. రెండేళ్లుగా అచ్యుతాపురంలో ఉద్యోగం. ఐఐఎంలలో ఎంబీఏకి రాసే ప్రవేశ పరీక్ష క్యాట్ మాక్ టెస్టుల్లో 82 పర్సంటైల్ దాటడం లేదు. అహ్మదాబాద్ కాకపోతే మన గంభీరం ఐఐఎం అయినా వస్తుందా? ఉద్యోగం మానేసి చదవమంటారా?

జవాబు: ముందు ఆ ‘అయినా’ తీసేయండి. గంభీరంలో ఉన్న విశాఖ ఐఐఎం 2015లో మొదలైంది. కొత్తది కదా, సులువనుకుంటే పొరపాటే. 82 పర్సంటైల్ అంటే 82 మార్కులు కాదు, నూటికి 18 మంది మీకంటే ముందున్నారని. రెండు లక్షలకు పైగా రాసే పరీక్షలో వాళ్లే 36 వేల పైచిలుకు. ఐఐఎంలు ప్రకటించే కటాఫ్ కనీస అర్హత మాత్రమే, ఇంటర్వ్యూ పిలుపు దానికి చాలా పైన ఆగుతుంది. అహ్మదాబాద్ పది, ఇంటర్, డిగ్రీ మార్కులూ లెక్కిస్తుంది. మీ 64 ఇక మారదు.

మారేది స్కోరు. క్యాట్‌లో మూడు సెక్షన్లకూ 40 నిమిషాల చొప్పునే. ఒకదాని సమయం ఇంకోదానికి వాడుకోలేరు. ఒక్క సెక్షన్‌లో కటాఫ్ తప్పినా మొత్తం పోతుంది. చివరి ఐదు మాక్‌లు తీసి తప్పులు లెక్కపెట్టండి. ఒప్పుకు 3, ఆప్షన్ల ప్రశ్నలో తప్పుకు మైనస్ 1. చాలామందిని ముంచేది రాని ప్రశ్నలు కాదు, గుడ్డిగా పెట్టినవి. ఆప్షన్లు లేని ప్రశ్నలకు మైనస్ లేదు, వాటిని ఖాళీగా వదలకండి.

రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఏపీ ఐసెట్ కూడా రాయండి: 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. మంచి ర్యాంకుతో ఆంధ్రా యూనివర్సిటీ ఎంబీఏకి ప్రయత్నించవచ్చు, ఖర్చూ తక్కువే. ఉద్యోగం మాత్రం మానకండి. చాలా ఐఐఎంలు అనుభవానికీ మార్కులు వేస్తాయి.