బండి-బాకీ: కంటి శిబిరం పెట్టిన కంపెనీని నమ్మొచ్చా?

(ఫైనాన్స్‌లో బండి తీసుకున్నవారి, తీసుకోబోతున్నవారి ప్రశ్నలకు హనుమకొండలో ఉండే ఒక రిటైర్డ్ వాహన ఫైనాన్స్ ఉద్యోగి జవాబులు)

ప్రశ్న: పోయిన నెల ఒక వాహన ఫైనాన్స్ కంపెనీవాళ్లు మా ఊళ్లో కంటి పరీక్షల శిబిరం పెట్టారు. మా అత్తకు కళ్లద్దాలు ఇచ్చారు. బడి పిల్లలకు బ్యాగులు పంచారు. వాళ్ల బ్యానర్ మీద 'నమ్మకం, నిజాయితీ, కుటుంబ బంధం' అని ఉంది. మా అబ్బాయి ట్రాలీ ఆటో కొంటానంటున్నాడు. ఐదు లక్షల లోన్, నాలుగేళ్లు, 8 శాతమే వడ్డీ అంటున్నారు. ఇంత మంచి పనులు చేసేవాళ్లు మోసం చేయరు కదా?
– ఒక తల్లి, పరకాల

జవాబు: మీ అత్తగారికి చూపు సాఫీ అయింది కదమ్మా, సంతోషం. అలాంటి శిబిరం మళ్లీ పెడితే మొహమాటపడకుండా వెళ్లండి. కానీ ఆ కళ్లద్దాలకూ మీవాడి కిస్తుకూ సంబంధం లేదు.

2013 కంపెనీల చట్టం ప్రకారం, ఏడాదికి 5 కోట్లు, అంతకుమించి నికర లాభం వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. నికర ఆస్తులు 500 కోట్లున్నా, టర్నోవర్ వెయ్యి కోట్లున్నా ఇదే నియమం. డ్రైవర్లకు కంటి పరీక్షలు, పిల్లల చదువుకు సాయం ఎక్కువగా ఈ పద్దులోనివే. శ్రీరామ్, మహీంద్రా ఫైనాన్స్ లాంటివి డ్రైవర్ల పిల్లలకు స్కాలర్‌షిప్‌లు కూడా ఇచ్చాయి. మీవాడు లోన్ ఎక్కడ తీసుకున్నా, అక్కడ పిల్లల స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా అని అడగడం మరిచిపోవద్దు. అడిగేవాళ్లు తక్కువ. ఇంకో మాట, కంపెనీ తన ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను ఈ 2 శాతంలో రాసుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. జాతర దారిలో కంపెనీ పేరు అచ్చేసిన టోపీలు పంచితే అది సేవ కిందికి రాదు, వ్యాపారమే.

ఇక బ్యానర్ సంగతి. మా బ్రాంచిలో నా కుర్చీ వెనక గోడకు అలాంటిదే ఒకటి ఉండేది. దాన్ని చదివి లోన్ తీసుకున్నవాళ్లను గానీ, దాన్ని చూపించి ఒక్క కిస్తు మాఫీ చేయించుకున్నవాళ్లను గానీ నేను చూడలేదు.

అలాగని ఈ కంపెనీలను తీసిపారేయను. సుందరం ఫైనాన్స్ మద్రాసులో 1954లో మొదలైంది, శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ 1979లో వచ్చింది. పాత లారీ కొంటానంటూ జీతం స్లిప్పు లేకుండా వచ్చిన డ్రైవర్‌ను బ్యాంకులు గుమ్మం దాటనివ్వని రోజుల్లో, అతని లైసెన్స్, అతని ఇల్లు, అతన్ని ఎరిగిన నలుగురిని చూసి లోన్ ఇచ్చింది ఈ రంగమే. లారీ మీద పనికి కుదిరిన మనిషి అదే లారీకి ఓనర్ కావడం నేను కళ్లారా చూశాను. నా దృష్టిలో వీళ్లు చేసిన అసలు సేవ అదే. శిబిరాలు ఆ తర్వాతే.

ఇప్పుడు ఆ 8 శాతం. అది 'ఫ్లాటా, రెడ్యూసింగా' అని అడగమనండి. ఫ్లాట్ అయితే లెక్క ఇలా ఉంటుంది. ఐదు లక్షలకు ఏడాదికి 40 వేల వడ్డీ, నాలుగేళ్లకు 1,60,000. మొత్తం 6,60,000ను 48 కిస్తులు చేస్తే నెలకు 13,750. మీవాడు నెలనెలా కడుతుంటే రెండేళ్లకు అసలు సుమారు 2 లక్షల 85 వేలకు దిగుతుంది. వడ్డీ మాత్రం చివరిదాకా ఐదు లక్షల మీదే వేసినట్టు. తగ్గుతున్న అసలు మీద, అంటే రెడ్యూసింగ్ పద్ధతిలో లెక్కిస్తే ఈ 8 శాతం నిజానికి 14 శాతం దాటుతుంది. పక్క బ్యాంకువాళ్లు 'రెడ్యూసింగ్ 12' అంటే ఎక్కువనుకుని లేచి వచ్చేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఈ తికమక తీరడానికే రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబర్ 1 నుంచి ఒక కాగితం తప్పనిసరి చేసింది. పేరు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, బ్రాంచిలో కేఎఫ్‌ఎస్ అంటారు. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఒకే అంకెగా ఉంటుంది. అది మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే తెలుగులో అడగొచ్చు. అందులో లేని చార్జీని మీ ఒప్పుదల లేకుండా తర్వాత వేయకూడదు. ఆ కాగితం ఇచ్చాక మీరు ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు టైమ్ ఉంటుంది. 'ఆఫర్ ఇవాళే ఆఖరు' అని షోరూమ్‌లో తొందరపెడితే కాగితం తీసుకుని ఇంటికి రండి. ఖాళీ ఫారాల మీద సంతకం అసలే వద్దు.

చివరగా, మీవాణ్ని ఒక పొద్దు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పంపండి. ట్రాలీ ఆటోల వెనక ఏ ఫైనాన్స్ స్టిక్కర్ ఉందో చూసి, ఆ కంపెనీ డ్రైవర్లతో కూర్చుని చాయ్ తాగమనండి. కిస్తు ఆలస్యమైన నెలలో ఇంటికి ఎవరొచ్చారు, ఎట్లా మాట్లాడారు, కట్టిన పైసకు రసీదు ఇచ్చారా అన్నవి అడిగి తెలుసుకొమ్మనండి. ఆ కంపెనీ విలువలేమిటో బ్యానర్ కంటే వాళ్లే బాగా చెబుతారు.

ప్రశ్న: కాజీపేట–హనుమకొండ మధ్య ఆటో నడుపుతాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి గిరాకీ సగానికి పడిపోయింది. రెండు కిస్తులు ఆగినయి. రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్ చేసి 'సీజర్లు వస్తున్నరు' అంటున్నారు. ఇంట్ల అందరికీ టెన్షన్. కొన్ని రోజులు బండిని మా బావ వాళ్ల ఊళ్లో దాచిపెట్టమంటారా?
– ఆటో డ్రైవర్, కాజీపేట

జవాబు: వద్దు తమ్ముడూ. దాచిన ఆటోకు గిరాకీ ఉండదు, కిస్తు మాత్రం ఉంటుంది. పైగా ఇంతవరకు నువ్వు కట్టలేకపోయిన మనిషివి. బండి మాయమైతే రేపటి నుంచి ఎగ్గొట్టే మనిషివైపోతావు. కంపెనీ ఫైల్లో ఈ రెంటికీ చాలా తేడా.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మన దగ్గర షేర్ ఆటోల పరిస్థితి ఏమైందో బ్రాంచి మేనేజర్లకు తెలియక కాదు. కానీ వాళ్ల కంప్యూటర్‌కు నీ గిరాకీ కనబడదు, తేదీలే కనబడతాయి. బాకీ మొదటి తేదీ నుంచి 90 రోజులు దాటితే పెద్ద కంపెనీల్లో ఆ లోన్ మొండిబాకీల లెక్కలోకి పోతుంది. అటు పోయాక ఒక్క కిస్తు కడితే తిరిగి రాదు, పాత బాకీ మొత్తం తీరాలి. ఈ ముక్క కలెక్షన్ కుర్రాళ్లు నీకు చెప్పరు. అందుకే రెండు కిస్తుల దగ్గరున్న ఈ వారంలోనే బ్రాంచికి వెళ్లు. గడువు పెంచి కిస్తు తగ్గించమని రాతపూర్వకంగా అడుగు. ఎంతోకొంత కట్టి రసీదు తీసుకో. నీ అర్జీ కాపీ మీద ముద్ర వేయించుకో. మాట ఇచ్చిన మేనేజర్ బదిలీ అయితే నీ చేతిలో మిగిలేది ఆ ముద్రే.

ఫోన్ల విషయం. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే స్పష్టంగా చెప్పింది. కాల్ వచ్చిన టైమ్ ఫోన్‌లో ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. ఆలస్యానికి వేసే జరిమానా విడి చార్జీగా ఉండాలి, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ వేయకూడదు. స్టేట్‌మెంట్ అడిగి ఆ వరస చూడు.

సీజింగ్, అంటే కిస్తు కట్టని బండిని తీసుకుపోయే అధికారం కంపెనీకి లేదని ఎవరైనా చెబితే నమ్మకు. నువ్వు సంతకం చేసిన అగ్రిమెంట్‌లో అది ఉంటుంది. కానీ దానికొక పద్ధతి కూడా అందులోనే రాసి ఉండాలి. నోటీసు ఎన్ని రోజులు, బండి ఎట్లా తీసుకుంటారు, అమ్మేముందు నీకు ఇచ్చే ఆఖరి అవకాశం ఏమిటి, కట్టేస్తే బండి తిరిగి ఎట్లా ఇస్తారు అన్నవన్నీ ఉండాలి. రౌడీలను పెట్టి బండ్లు గుంజుకోవడాన్ని 2007లో ఒక బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. ఎవరైనా వస్తే ఐడీ కార్డు, కంపెనీ ఆథరైజేషన్ లెటర్ చూపించమను. కొట్లాటకు దిగకు. తీసుకుపోతే సీటు కింది కాగితాలు, స్టెప్నీ, మీటర్‌తో సహా లిస్టు రాయించుకుని సంతకం పెట్టించుకో. బండి యార్డుకు పోయాక మాయమయ్యేవి అవే.

ప్రతి బ్రాంచిలో ఫిర్యాదుల అధికారి పేరు, నంబర్ గోడ మీద ఉండాలి. ముందు అక్కడ రాతపూర్వకంగా ఇవ్వు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. సమాచారానికి 14448కు ఫోన్ చెయ్యి. అయితే నీ లోన్ ఏదైనా పార్ట్‌నర్‌షిప్ ఫైనాన్స్‌లోదైతే, అంటే మన కరీంనగర్, జగిత్యాల దిక్కు నలుగురు కలిసి నడిపే లోకల్ ఫైనాన్స్ అయితే, అంబుడ్స్‌మన్ దాని జోలికి రాడు. పోలీసులో, కోర్టో తప్ప దారి లేదు.

ప్రశ్న: నా ట్రాక్టర్‌ను రన్నింగ్ ఫైనాన్స్ మీద పక్క ఊరి ఆయనకు అమ్మిన. మిగిలిన కిస్తులు ఆయనే కట్టాలని వంద రూపాయల స్టాంప్ పేపర్ రాసుకున్నం. ఆయన కట్టడం లేదు, కంపెనీ నన్నూ, జమానతు ఉన్న నా బావమరిదినీ అడుగుతున్నది. మాకేం సంబంధం?
– రైతు, జమ్మికుంట

జవాబు: పూర్తి సంబంధం ఉంది. ఆ స్టాంప్ పేపర్ మీ ఇద్దరి మధ్య మాటకు సాక్ష్యం, అంతే. కంపెనీ దాని మీద సంతకం చేయలేదు. ఫైనాన్స్ ఉన్న బండిని కంపెనీ ఒప్పుదల లేకుండా ఇంకొకరి పేరు మీదికి మార్చడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఆర్‌సీలో ఉన్నది మీరే. జమానతుదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానమని 1872 కాంట్రాక్ట్ చట్టం చెబుతుంది, కంపెనీ మీ బావమరిదిని ముందు అడిగినా తప్పు పట్టలేం.

కిస్తుల కంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. ఆ ట్రాక్టర్ ఎవరినైనా గుద్ది, దానికి ఇన్సూరెన్స్ లేకపోతే, నష్టపరిహారం ఆర్‌సీలో పేరున్న మీ మెడకే చుట్టుకుంటుంది. బండి చేతులు మారినా రిజిస్టర్డ్ ఓనర్‌దే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకని ముందు ఇన్సూరెన్స్ తేదీ చూడండి, అయిపోతే మీ చేతి పైసతోనైనా కట్టండి. తర్వాత పెద్దమనుషులను పెట్టి ఆయన్ను బ్రాంచికి తీసుకెళ్లండి. ఆయన పేరు మీద కొత్త లోన్ చేసి మీది మూసేయడం కుదరవచ్చు. ఆయన రానంటే వకీలుతో నోటీసు ఇప్పించండి, బండి ఎవరి దగ్గర ఉందో కంపెనీకి రాసి ఇవ్వండి. దాని వల్ల మీ బాకీ పోదు గానీ, దాచారన్న మాట మీ మీదికి రాదు.

ప్రశ్న: కొత్త ట్రాక్టర్‌కు నెలనెలా కిస్తు అంటున్నారు. మాకు పైసలు వచ్చేది పంట మీదనే. వేరే దారి ఉందా?
– మహిళా రైతు, నర్సంపేట

జవాబు: ఉందమ్మా. ట్రాక్టర్లకు ఆరు నెలల కిస్తు పెట్టడం ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్నదే. అడగనివాళ్లకు నెలవారీ రాసేస్తారు. అయితే ఆరు నెలల కిస్తులో అసలు నెమ్మదిగా దిగుతుంది కాబట్టి మొత్తం వడ్డీ కొంచెం ఎక్కువే పడుతుంది.

తేదీ దగ్గర గట్టిగా ఉండండి. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో కల్లానికి వస్తాయి. కొనుగోలు కేంద్రంలో కాంటా అయి, మిల్లుకు పోయి, ఖాతాలో పడేసరికి ఇంకొన్నాళ్లు. మే 5న కిస్తు పెడితే చేతిలో వడ్లుంటాయి, పైసలుండవు. జూన్ చివర, జనవరి మొదట్లో పెట్టమనండి. పత్తి ఎక్కువగా వేస్తే జనవరి ఇంకా బాగా కలిసొస్తుంది. ఇంకొకటి, వ్యవసాయం కింద రిజిస్టర్ అయిన ట్రాక్టర్‌కు డబ్బా తగిలించి ఇసుక కిరాయిలకు పంపితే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కిరాయిలకు తిప్పే ఆలోచన ఉంటే లోన్ అప్పుడే చెప్పి, దానికి తగ్గట్టు రిజిస్ట్రేషన్, పాలసీ చేయించండి.

ప్రశ్న: కిస్తులన్నీ అయిపోయినయి. ఇంక కంపెనీతో పని లేనట్టేనా?
– బైక్ ఓనర్, భూపాలపల్లి

జవాబు: ఇంకా ఉంది. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉన్నంతకాలం బండి మీదైనా అమ్మలేరు. కంపెనీ నుంచి బాకీ లేదన్న కాగితం (ఎన్‌ఓసీ), సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్‌టీఏలో 'హెచ్‌పీ క్యాన్సిల్' చేయించండి, అంటే ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించండి. ఎన్‌ఓసీ మీద గడువు తేదీ ఉంటే అది దాటకముందే వెళ్లండి, బీరువాలో పెట్టి మరిచిపోతే మళ్లీ బ్రాంచి చుట్టూ తిరగాలి. బాకీ తీరాక మీ ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో ఇచ్చేయాలి, కంపెనీ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా ఫైనాన్స్ పేరు తీయించండి. లేకపోతే బండి పోయిన రోజు క్లెయిమ్ డబ్బు దగ్గర కంపెనీ కాగితం మళ్లీ అడుగుతారు.