సైకిల్ తొక్కితే మోకాలి నొప్పి.. మానేయాలా, గేరు మార్చాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. బరువు 84 కిలోలు. తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. ఒళ్లు తగ్గుతుందని అయిదు నెలల కిందట సింగిల్ స్పీడ్ (ఒకే గేరున్న) సైకిల్ కొన్నాను. రోజూ పొద్దున కపిలతీర్థం మీదుగా అలిపిరి దాకా వెళ్లి వస్తాను. రెండు నెలలుగా కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగేటప్పుడు, ఆఫీసులో చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ. వాపు లేదు. ముందు పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి (చైన్‌వీల్) 48 పళ్లు, వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రానికి (ఫ్రీవీల్) 16 ఉన్నాయి. వెనకది 18 వేయిస్తే తేలికవుతుందని మెకానిక్ అంటున్నాడు. గట్టిగా తొక్కితేనే కండ పడుతుందని, అసలు ఫిక్స్‌డ్ గేర్‌కే మారమని స్నేహితుడు చెబుతున్నాడు. వచ్చే నెల అలిపిరి మెట్ల దారిలో కొండకు నడిచి వెళ్లే మొక్కు కూడా ఉంది. నేను సైకిల్ మానేయాలా?
- ఓ పాఠకుడు, తిరుపతి

సలహా: మానేయొద్దు. పళ్లు లెక్కపెట్టి మరీ రాశారు, చాలా మంచి పని చేశారు. మోకాలి నొప్పితో వచ్చేవాళ్లు ఎక్స్‌రేలు తెస్తారు గానీ, ఆ మోకాలు రోజూ ఎంత బరువు తోస్తోందో చెప్పరు. మీ విషయంలో అసలు సంగతి అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

మీరు చెప్పిన లక్షణాలు పటెల్లోఫిమోరల్ పెయిన్‌కు సరిపోతున్నాయి. మోకాలు వంచి బలంగా తోసినప్పుడల్లా చిప్ప వెనక్కి వెళ్లి తొడ ఎముకను ఒత్తుతుంది. ఆ ఒత్తిడి అలవాటు లేని మోకాలికి ఒక్కసారిగా పెరిగితే చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. కీలు అరిగిపోయిందని దీనికి అర్థం కాదు. ఆ టెన్షన్ ముందు వదిలేయండి.

ఇప్పుడు మీ గేరు సంగతి చూద్దాం. 48ని 16తో భాగిస్తే 3. పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం మూడు చుట్లు తిరగాలి. ఇలాంటి సైకిళ్లకు ఉండే 700సి సైజు చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి, పెడల్ ఒక చుట్టుకు మీరు 6.3 మీటర్లు ముందుకు పోతున్నారు. చదునైన రోడ్డు మీద ఇది హాయిగానే ఉంటుంది. కానీ మీ దారి చదును కాదు. ఊళ్లోంచి అలిపిరికి పోయేకొద్దీ రోడ్డు ఎత్తుకుంటూనే ఉంటుంది. కారులో పోయేవాళ్లకు ఆ ఎత్తు తెలియదు, మీ మోకాలికి తెలుస్తుంది. ఆ ఎత్తులో వేగం గంటకు 12 కిలోమీటర్లకు పడిపోయిందనుకుందాం. అప్పుడు మీ కాళ్లు నిమిషానికి 32 చుట్లే తిరుగుతాయి. అంత నెమ్మదిగా తిరుగుతూ 84 కిలోల మనిషిని, సైకిల్‌ని పైకి లాగాలంటే ప్రతి తొక్కులోనూ మోకాలు చాలా గట్టిగా తోయాలి. అదీ వారానికి ఆరేడు రోజులు!

మీ స్నేహితుడి మాట పూర్తిగా తప్పు కాదు, బరువు పడితేనే కండ పెరుగుతుంది. అయితే కండరం కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది, మోకాలి చిప్ప, దాన్ని ఎముకలకు కట్టి ఉంచే పట్టీలు అలవాటు పడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. నొప్పి ఉన్నప్పుడు గట్టి గేరుతో కండ పెంచుకోవాలని చూడకండి.

మెకానిక్ చెప్పింది సరైన దారే. నేనైతే ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రస్తుతానికి 20 పళ్ల ఫ్రీవీల్ వేయించుకోమంటాను. 18 వేస్తే ఒక్కో తొక్కులో బరువు దాదాపు తొమ్మిదో వంతు తగ్గుతుంది, 20 వేస్తే అయిదో వంతు తగ్గుతుంది. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 3 నుంచి 2.4 అవుతుంది. చదును రోడ్డు మీద నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 24 కిలోమీటర్ల వేగం వస్తుంది. పొద్దున వ్యాయామానికి అది చాలదా? నొప్పి పూర్తిగా పోయి మూడు నెలలు గడిచాక 18కి మారొచ్చు. చైన్ పొడవు చాలకపోతే మెకానిక్ లింకులు కలుపుతాడు.

గేరు సరిపోయిందో లేదో మీరే చూసుకోవచ్చు. దారిలో అన్నిటికంటే కష్టంగా ఉండే చోట కుడి కాలు ఎన్నిసార్లు కిందికి వెళ్లిందో అర నిమిషం లెక్కపెట్టి, రెండింతలు చేయండి. 50 కూడా రాకపోతే ఆ ఎత్తుకు మీ గేరు ఇంకా బరువే. అక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్లండి, నామోషీ ఏమీ లేదు. చదునులో 75 నుంచి 85 వస్తే బాగుంది. ఒకే గేరున్న సైకిల్‌కు దారిలోని కష్టమైన చోటును చూసి నిష్పత్తి ఎంచుకోవాలి. కొనేటప్పుడు షాపు ముందున్న చదును రోడ్డు మీద నాలుగు రౌండ్లు కొట్టి తెచ్చుకుంటారు, తేడా అక్కడే వస్తుంది.

సీటు ఎత్తు కూడా చూడండి. సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేలకు ఆనాలని చాలామంది సీటు కిందికి దించేస్తారు. అప్పుడు మోకాలు మరీ వంగిపోయి, చిప్ప మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గోడకు ఆనుకుని సీటు మీద కూర్చోండి, మడమను పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తొక్కండి. కాలు నిటారుగా రావాలి. మోకాలు ఇంకా వంగే ఉంటే సీటు అర సెంటీమీటరు చొప్పున పెంచండి. మోకాలి వెనక లాగినట్టు అనిపిస్తే ఎక్కువైందన్నమాట, కొంచెం దించండి.

ఫిక్స్‌డ్ గేర్ ఇప్పుడు వద్దే వద్దు. అందులో చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది, అలిపిరి నుంచి దిగి వచ్చేటప్పుడు కూడా కాళ్లకు విశ్రాంతి ఉండదు. వేగం తగ్గించడానికి పెడల్‌ను వెనక్కి పట్టి ఆపడమంటే, నొప్పి ఉన్న చిప్ప మీదే మళ్లీ బరువు వేయడం. ఫ్రీవీల్ ఉంచుకోండి, ముందూ వెనకా బ్రేకులు రెండూ ఉండాలి.

రెండు వారాలు అలిపిరి వైపు వెళ్లకుండా చదును దారిలో అరగంట తొక్కండి. తొక్కేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా, మర్నాటి పొద్దుటికి తగ్గిపోతే ఫర్వాలేదు. వెల్లకిలా పడుకుని ఎడమ మోకాలు వంచి, కుడి కాలిని నిటారుగా అడుగు ఎత్తు లేపి అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. పదిసార్లు చొప్పున రోజుకు మూడు విడతలు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని కుడి కాలిని పైకి లేపడం కూడా అంతే ముఖ్యం. తుంటి కండరం బలహీనంగా ఉంటే తొక్కేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో కొని రోజూ వేసుకోకండి, కడుపుకూ కిడ్నీలకూ మంచిది కాదు.

మొక్కు సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. నొప్పి ఇలాగే ఉంటే ఒకటి రెండు నెలలు వాయిదా వేయండి. తగ్గాక వెళ్లినా, మోకాళ్ల పర్వతం దగ్గర తొందరపడకుండా ఆగి ఆగి ఎక్కండి. దిగేటప్పుడు చిప్ప మీద ఇంకా ఎక్కువ బరువు పడుతుంది, కాబట్టి దర్శనం అయ్యాక బస్సులో రండి.

మోకాలు వాచినా, వంచిన చోటే ఇరుక్కుపోయినా, నడుస్తుంటే హఠాత్తుగా మడత పడినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా ఆగకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. ఇవేవీ లేకపోయినా, ఆరు వారాల్లో తగ్గకపోతే వెళ్లండి. వెళ్లేటప్పుడు సీటు మీద కూర్చుని తొక్కుతుండగా పక్క నుంచి తీసిన వీడియో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి.