పొదుగుకొచ్చిన పెట్ట సంగతి ఆ రోజే తేల్చుకో

పర్లాకిమిడి,
దీపావళి వెళ్ళిన మూడో రోజు

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్‌లో పంపిన ఫోటో చూశాను. మూడు నాటు పెట్టలూ ఒకే బుట్టలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వారం నుంచి గుడ్డు లేదని, మేత సరిగా ముట్టడం లేదని, చెయ్యి పెడితే పొడుస్తున్నాయని, తెగులేమోనని టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

తెగులు కాదమ్మా. అవి పొదుగుకొచ్చాయి, అంటే గుడ్లు పొదగాలని కూర్చున్నాయి. తెగులు తగిలిన కోడి రెక్కలు వాల్చేసి, కళ్ళు మూసుకుని ఓ మూల నిలబడుతుంది, చిన్నపిల్లాడికి కూడా దొరికిపోతుంది. కొక్కెర తెగులైతే ఆకుపచ్చగా నీళ్ళ రెట్ట వేస్తుంది. నీ పెట్టల కళ్ళు ఫోటోలోనే చురుగ్గా ఉన్నాయి. ఒళ్ళంతా ఈకలు ఉబ్బించుకుని, బుట్టకి అతుక్కుపోయినట్టు పరుచుకుని, దగ్గరికెళితే గుర్రుమంటాయి. రోజుకి ఒక్కసారి లేచి ఇంత లావు రెట్ట వేస్తాయి, దాని కంపు వీధి దాకా వస్తుంది. పొట్ట కింద ఈకలు అవే పీక్కుంటాయి, గుడ్డుకి ఒంటి వేడి నేరుగా తగలడానికి. ఇంకా అనుమానంగా ఉంటే రాత్రి తొమ్మిదింటికి చూడు. మామూలు పెట్ట చీకటి పడగానే దండె ఎక్కుతుంది. పొదుగుకొచ్చింది మాత్రం బుట్ట వదలదు.

ఇది దాని మొండితనమనుకుని కొట్టేవాళ్ళు ఉన్నారు. అది దాని చేతిలో లేదు. గుడ్లు కళ్ళ ముందు పోగుపడి, పొట్టకి తగులుతూ ఉంటే దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. బాలింతకి పాలు పడేలా చేసేది కూడా అదే హార్మోన్. అది పెరిగాక గుడ్డు పెట్టడం ఆగిపోతుంది, ఆకలి తగ్గుతుంది, కూర్చోవాలనే ధ్యాస ఒక్కటే మిగులుతుంది. కింద గుడ్లున్నాయా, ఉత్త గడ్డే ఉందా అన్నది కూడా దానికి పట్టదు. నీ గ్రామప్రియ కోళ్ళు ఐదూ ఇలా ఎందుకు కూర్చోలేదని అడిగావు కదా. వాటిని గుడ్ల కోసమే తయారుచేశారు, పొదుగు గుణం పోయేలా ఎంచి పెంచిన జాతి. ఏడాదికి నాటు పెట్ట యాభై, అరవై గుడ్లు పెడితే, గ్రామప్రియ నూట యాభై దాటుతుంది. కానీ పిల్లల్ని లేపాలంటే నాటు పెట్టే కావాలి.

నేను ఇన్నేళ్ళలో తెలుసుకున్నది ఒకటే. పెట్ట పొదుగుకొచ్చిందని తెలిసిన రోజే దాన్ని కూర్చోబెట్టాలా, మాన్పించాలా తేల్చుకోవాలి. రెండూ కాకుండా వదిలేయడమే దానికి మనం చేసే అన్యాయం.

పెళ్ళయి ఈ ఊరొచ్చిన రెండో ఏడు, మా పెరట్లో బూడిద రంగు పెట్ట ఒకటి కట్టెల మోపు వెనక కూర్చుంది. ఉన్న గుడ్లు మేమే తీసేసుకున్నాం. నాలుగు రోజులు పోతే అదే లేస్తుందిలే అనుకున్నాను. ఇంట్లో పెళ్ళి పనులు, ఎవరికీ తీరిక లేదు. మూడు వారాలు పోయాయి, నాలుగు పోయాయి. పిల్లల అరుపు వినపడితే గానీ లేవడం దానికి తెలియదు, కింద చూస్తే గుడ్డే లేదు. ఐదో వారంలో చెయ్యి పెట్టి ఎత్తితే దూదిలా వచ్చేసింది. రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. తురాయి తెల్లబడింది, పొట్ట నిండా పేలు. అంబలి పట్టించాను, నూకలు నోట్లో పెట్టాను. రెండు రోజులకి పోయింది. ఇప్పటికీ ఏ పెట్ట గుర్రుమన్నా ముందు దాని రొమ్ము తడిమి చూస్తాను. నువ్వూ ఆ పనే చెయ్యి. ఈ రాత్రే మూడింటినీ ఒక్కొక్కటిగా ఎత్తి చూడు. బరువుగా, కండతో ఉన్నదాన్ని కూర్చోబెట్టు. తేలికగా ఉన్నవాటిని మాన్పించు. ఇదివరకు పిల్లల్ని లేపిన పెట్ట ఏదో మీ అత్తగారికి తెలిసే ఉంటుంది, ఆవిణ్ణి అడుగు. తొలిసారి కూర్చునేది ఒక్కోసారి పదో రోజున లేచి పోతుంది.

అయితే గుడ్లు ఎక్కడివి? మీ పుంజును దసరాకి కోసేశారన్నావు. పుంజు పోయాక పది పదిహేను రోజుల దాకా గుడ్డులో పిల్ల పడే అవకాశం ఉంటుంది, ఆపైన నమ్మకం లేదు. కాబట్టి మీ ఇంటి గుడ్లు ఇప్పుడు కూరకే పనికొస్తాయి. అంగట్లో అమ్మే ఫారం గుడ్లు అసలే వద్దు, ఆ కోళ్ళ దగ్గర పుంజే ఉండదు. గ్రామప్రియ గుడ్లకి వేరే పుంజు దొరికినా పిల్లలు తల్లిలా రావు, అది రెండు జాతులు కలిపి తీసిన కోడి. మా పెరటి గుడ్లు నేను పంపిస్తాను. వారం లోపు పెట్టినవే ఏరుతున్నాను, మరీ పొడుగువి, మరీ చిన్నవి పక్కన పెట్టేశాను. పన్నెండు చాలు. చలి రోజులొస్తున్నాయి, పెట్ట పొట్ట కింద అంచున ఉన్నవి చల్లబడితే అన్నిటికీ నష్టమే.

వెడల్పు వెదురు బుట్ట గానీ పగిలిన బాన అడుగు గానీ తీసుకుని, కింద నాలుగు వేళ్ళ మందం పొడి మట్టి పోసి పెట్టు. మధ్యలో గుంటలా నొక్కు, గుడ్లు పక్కకి దొర్లకుండా. దాని మీద పొయ్యి బూడిద చల్లి, ఎండు వేపాకు, ఆపైన వరిగడ్డి. బూడిద, వేపాకు పేల కోసం. పేలు పడితే ఎంత మంచి పెట్టయినా బుట్ట వదిలేస్తుంది. ఉరుముకి గుడ్లు చెడతాయని మా అత్తగారు బొగ్గు ముక్క, ఇనుప మేకు పెట్టించేవారు. ఆవిడ మీద గౌరవంతో నేనూ పెడతాను. కానీ నేను చూసినంతలో గుడ్లు చెడేది వానకి గడ్డి తడిసినప్పుడే. కప్పు కారని చోట పెట్టు.

పెట్టను కొత్త బుట్టలోకి రాత్రి పూటే మార్చు. పగలు మారిస్తే పాత చోటికే పరిగెడుతుంది. మొదటి రోజు ఏవైనా కూర గుడ్లు రెండు పెట్టి చూడు, నిలకడగా కూర్చుంటే మర్నాడు రాత్రి అసలు గుడ్లు పెట్టి, అవి తీసెయ్యి. ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గియ్యి. ఇది చిన్న పనిలా ఉంటుంది గానీ నేను ఎక్కువ నష్టపోయింది దీని దగ్గరే. పెట్ట మేతకి లేచినప్పుడు వేరే కోడి వచ్చి అందులోనే గుడ్డు పెట్టి పోతుంది. ఐదు రోజులు ఆలస్యంగా చేరిన గుడ్డులో పిల్ల పూర్తయ్యే సరికి తల్లి ఉన్న పిల్లలతో లేచి వెళ్ళిపోతుంది. లోపల బతికున్న పిల్ల చల్లబడి చస్తుంది. రోజూ సాయంత్రం చూసి గీత లేని గుడ్డు తీసెయ్యి.

రోజుకి ఒకసారి పావుగంట, ఇరవై నిమిషాలు అదే లేస్తుంది. లేవకపోతే నువ్వే రెక్కల కింద చెయ్యి వేసి ఎత్తు, రెక్కల మధ్య గుడ్డు ఇరుక్కుందేమో చూసుకుని. వడ్లు, జొన్నలు, నీళ్ళు దగ్గర్లో ఉంచు. ఏడో రోజు రాత్రి గుడ్లని వెలుగులో చూడాలి. గది చీకటి చేసి, మొబైల్ టార్చ్ మీద గుడ్డు లావు కొన ఆనించి, చుట్టూ వేళ్ళు మూసెయ్యి. సాలెపురుగులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పడింది. ఖాళీగా, పసుపు పచ్చగా మెరిస్తే పడలేదు, తీసెయ్యి. ఉంచితే మురిగి, పగిలి, మిగతావన్నీ పాడుచేస్తుంది. పద్దెనిమిదో రోజు తర్వాత మాత్రం గుడ్ల మీద చెయ్యి వెయ్యొద్దు.

ఇరవై ఒకటో రోజు పిల్లలు వస్తాయి. పెంకు చిట్లాక బయటికి రావడానికి ఒక్కోదానికి రోజంతా పడుతుంది. జాలిపడి పెంకు ఒలవకు. లోపలి పొరలో ఇంకా రక్తం ఉంటుంది, ఒలిస్తే పిల్ల పోతుంది. పచ్చసొన పొట్టలోకి పీల్చుకుని పుడుతుంది కాబట్టి రెండు రోజులు మేత లేకపోయినా బతుకుతుంది. ముందు పుట్టినవి అందుకే ఆగగలవు, తల్లి కూడా ఆలస్యపు వాటి కోసం ఆగుతుంది. ఇరవై మూడో రోజుకీ కదలని గుడ్లు తీసి దూరంగా పూడ్చెయ్యి.

మిగతా రెండు పెట్టల్ని మాన్పించే సంగతి. మీ వీధిలో రకరకాలుగా చెబుతారు. ముక్కులో ఈక గుచ్చమంటారు, బావి నీళ్ళలో ముంచమంటారు, కాలు కట్టి పస్తు పెట్టమంటారు. ఇవేవీ చెయ్యొద్దని నిన్ను గట్టిగా కోరుతున్నాను. ఈక గుచ్చితే నొప్పికి మేత మానేస్తుంది, పుండు పడుతుంది. ఈ చలిలో నీళ్ళలో ముంచితే జబ్బు చేస్తుంది. దానికి కావలసింది పొట్ట కింద గాలి. అడుగున సందులున్న వెదురు తట్ట గానీ ఇనప జాలీ పెట్టె గానీ నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టి, పెట్టలు రెండింటినీ అందులో ఉంచు. గడ్డి పరచొద్దు. వెలుతురు బాగా ఉన్న చోట, మిగతా కోళ్ళు కనిపించేలా ఉంచు. మేత, నీళ్ళు నిండుగా పెట్టు. పొట్ట చల్లబడితే పొదుగు ధ్యాస దానంతట అదే దిగుతుంది. మూడు రోజులకి వదిలి చూడు. మట్టిలో పొర్లాడి మేత వెతుక్కుంటే మానిపోయింది. నేరుగా బుట్ట దగ్గరికి పోతే ఇంకో రెండు రోజులు అందులోనే. నీవి వారం రోజులు కూర్చున్నాయి కాబట్టి కొంచెం ఎక్కువే పట్టొచ్చు, మొదటి రెండు రోజుల్లోనే పట్టుకుంటే తొందరగా లొంగుతాయి. మానాక రెండు వారాల్లో మళ్ళీ గుడ్డుకొస్తాయి. ఇకమీదట గుడ్లు ఏ రోజువి ఆ రోజు తీసెయ్యి.

పిల్లలొచ్చాక మొదటి వారం గంప కిందే. మెత్తటి నూకలు, చోళ్ళు (రాగులు), పల్లెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు, లేకపోతే తడిసి చస్తాయి. ఏడో రోజున పశువుల ఆసుపత్రిలో కొక్కెర తెగులుకి కంట్లో చుక్కలు వేయించు. దీన్ని వాయిదా వేసి నేను ఒకసారి పదకొండు పిల్లల్లో తొమ్మిదింటిని పోగొట్టుకున్నాను. గద్ద, ముంగిస సంగతి నీకు చెప్పక్కర్లేదు, మీ ఇల్లు వంశధార గట్టునే కదా.

ఇంకో మాట. మనకి కార్తీకం ఇప్పుడే వచ్చినా ఒడియా ఇళ్ళలో కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాటి నుంచే నడుస్తోంది. ఆ నెలంతా చాలామంది మాంసం, చేపలు ముట్టరు. ఆఖరి ఐదు రోజులు కొంగ కూడా చేప ముట్టదంటారు. కార్తీక పున్నమి మర్నాడు ఛాడఖాయి, మానిన మాంసం మళ్ళీ తినే రోజు. ఆ రోజు పొద్దున్నే దేశీ కుకుడా (నాటు కోడి) ఉందా అని మీ గుమ్మం ముందు నిలబడతారు, మంచి ధర కూడా చెబుతారు. అప్పటికి నీ పెట్ట పొదుగు దాదాపు సగానికి వచ్చి ఉంటుంది. దాన్ని మాత్రం ఇవ్వొద్దు. మీ ఆయనకీ ముందే చెప్పి ఉంచు.

ఎల్లుండి మీ పెదనాన్న గుణుపురం రైల్లో వస్తున్నారు. గుడ్లు తవుడులో సర్ది సంచీలో పెడతాను. రైలు కుదుపు తగిలిన గుడ్లు కాబట్టి రాగానే పెట్ట కింద పెట్టకు. సన్న కొన కిందికి ఉండేలా నిలబెట్టి, చల్లటి చోట ఒక రోజంతా కదపకుండా ఉంచు. ఈలోపు బుట్ట సిద్ధం చేసి, ఏ పెట్ట బరువుగా ఉందో రేపు పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ