నేరం రక్తంలోనే ఉందంటే శిక్ష తగ్గుతుందా?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో పొలం గట్టు తగాదాలో మా తమ్ముడు, నీళ్లు కడుతున్న పారతో ఒకరిని ఒక్క దెబ్బ కొట్టాడు. ఆయన చనిపోయారు. తమ్ముడు పారను కాలువలో పడేసి, బోరు దగ్గర చొక్కా ఉతుక్కుని, అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు. సెషన్స్ కోర్టు హత్యగా తేల్చి యావజ్జీవం వేసింది. నాన్న, తాత కూడా కొట్లాట కేసుల్లో జైలుకు వెళ్లినవాళ్లే. నేరస్థులు పుట్టుకతోనే అలా ఉంటారని లాంబ్రోసో అనే ఇటలీ డాక్టరు నిరూపించాడట. మరి అది వాడి తప్పెలా అవుతుంది? మతిస్థిమితం లేదని పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానని ఒక డాక్టరు అంటున్నారు. తీర్పు వచ్చి నాలుగో నెల. అమ్మ మంచం పట్టింది. దారి చూపండి.

జవాబు: అమ్మా, లాంబ్రోసో ఏమీ నిరూపించలేదు. దవడ, నుదురు, చెవుల తీరును బట్టి పుట్టు నేరస్థుణ్ని పోల్చుకోవచ్చని 1876లో రాశాడు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు వైద్యుడు సుమారు మూడు వేల మంది ఖైదీల కొలతలు చూసి, అలాంటి ప్రత్యేక శరీర రకమేదీ లేదని 1913లో తేల్చాడు. పోనీ, లాంబ్రోసో మాటే నిజమనుకుందాం. మీకు ఒరిగేదేమిటి? అదే బాటలో నడిచిన ఇటలీ న్యాయవేత్త గారోఫలో, మారే వీలులేని నేరస్థుణ్ని సమాజం నుంచి తొలగించాలన్నాడు. మా వాడు పుట్టుకతోనే ఇంత అని మీరే చెబితే, ఏ జడ్జి శిక్ష తగ్గిస్తారు?

పుట్టుకను బట్టి నేరం అంటగట్టడం మన దగ్గరా జరిగింది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం నీడలోనే, ఆ తెగలవారిని నిఘాలో ఉంచడానికి 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. నిందితుడి తరఫున మంచి నడవడికి సాక్ష్యం పెడితే తప్ప, అతని గత చెడు నడవడిని సాధారణంగా కేసులోకి తేకూడదని భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 49వ సెక్షన్ చెబుతోంది. ఇక తండ్రి, తాతల సంగతి ఎవరడిగారు? మీరే మోసుకెళ్తామంటున్నారు!

మతిస్థిమితం లేదనే వాదనకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 22వ సెక్షన్ ఉంది. అది అడిగేది ఒక్కటే: దెబ్బ వేసిన క్షణంలో, మతి చెడి, తాను చేస్తున్నదేమిటో గానీ, అది తప్పని గానీ తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? రుజువు భారం మీది. ఘటనకు ముందు, ఆ సమయంలో, తర్వాత అతను ఎలా ప్రవర్తించాడో చూడాలని దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో 1964లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ తమ్ముడు ఆ తర్వాత చేసినదేమిటి? పార దాచాడు, నెత్తురు కడిగాడు, ఊరు దాటాడు. తప్పని తెలిసినవాడి పనులివి. ఈ వాదన బోరు దగ్గరే పోయింది.

ఆ సర్టిఫికెట్ ముట్టుకోకండి. విచారణలో ఎక్కడా లేని జబ్బు అప్పీలులో పుట్టుకొస్తే కోర్టు ముందు అడిగేది ఓపీ రిజిస్టరు. దొంగ సాక్ష్యం సృష్టిస్తే న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. తమ్ముడి కోసం మీరూ ముద్దాయి అవుతారా?

అసలు బలం మీ ఉత్తరంలోనే ఉంది, మీరే దాన్ని పట్టించుకోలేదు: నీళ్లు కడుతున్న పార, ఒక్క దెబ్బ. ఆయుధం వెంట తెచ్చుకోలేదు, పథకం లేదు. అప్పటికప్పుడు రేగిన పోట్లాటలో, క్రూరత్వం లేకుండా, అవతలివాడి నిస్సహాయతను వాడుకోకుండా కొట్టినట్టు తేలితే, అదే సంహిత 101వ సెక్షన్ నాలుగో మినహాయింపు ప్రకారం అది హత్య కాదు. శిక్ష 105వ సెక్షన్ కిందికి వస్తుంది. ఉద్దేశం లేదని కోర్టు నమ్మితే గరిష్ఠం పదేళ్లు. అయితే పోస్టుమార్టం నివేదికలో రెండో గాయం కనిపిస్తే ఈ వాదన బలహీనపడవచ్చు.

ఇక గడువు. హైకోర్టులో అప్పీలుకు 60 రోజులు. లాంబ్రోసో గురించి వాకబు చేయడానికి తీరిక దొరికింది గానీ వకీలు గడప తొక్కడానికి దొరకలేదా? తీర్పు నకలు అందలేదనే సాకు సులువుగా చెల్లదు. శిక్షపడిన వ్యక్తికి తీర్పు నకలు ఉచితంగా ఇస్తారు. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసి, అమ్మగారి ఆసుపత్రి కాగితాలు తేదీలవారీగా జతచేయండి. ఆమె జబ్బు పనికొచ్చేది అక్కడే. డబ్బు లేకపోతే హైకోర్టు న్యాయసేవల కమిటీ ఉచితంగా వకీలును ఇస్తుంది. జైలు సూపరింటెండెంటు ద్వారా కూడా అప్పీలు పంపవచ్చు. అప్పీలు తేలేదాకా శిక్ష నిలుపుదల కోరే పిటిషన్ అప్పీలుతోపాటే వేయించండి. పోస్టుమార్టం నివేదిక, ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాల నకళ్లు ఈ వారంలోనే తీయించండి.