ఊరి పేరు లేని పర్మిషన్

యుద్ధం జరిగేచోటికి తిండీ మందులూ పంపడం కేవలం దయతో చేసే పనేనా, దౌత్యంలో దానికి నిజంగా పాత్ర ఉందా అని అడిగారు. ఉంది. పుస్తకాలు చదవకముందే నాకది ఒక చెక్‌పోస్ట్ దగ్గర తెలిసొచ్చింది.

ఒక సహాయ సంస్థలో సరుకుల రవాణా చూసే విభాగంలో నాలుగేళ్లు పనిచేశాను. అంతర్యుద్ధం నడుస్తున్న దేశం అది. పేరు చెప్పను, నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఒకసారి గోధుమపిండి, సెలైన్, పిల్లల మందులతో తొమ్మిది లారీలు బయల్దేరాయి. ప్రభుత్వం ఇచ్చిన పర్మిషన్ మా చేతిలో ఉంది. తిరుగుబాటుదారుల చెక్‌పోస్ట్‌లో ఉన్న అధికారి దాన్ని చదివి వెనక్కి ఇచ్చేశాడు. సరుకు మీద ఆయనకు అభ్యంతరం లేదు. ఆ కాగితంలో వాళ్ల ప్రాంతాన్ని ప్రభుత్వం పెట్టిన జిల్లా పేరుతో రాశారు. దాని మీద ముద్ర వేస్తే ఆ నేల ప్రభుత్వానిదేనని ఒప్పుకున్నట్టే కదా అన్నాడు. పేరు మార్చి రాసివ్వమని ఇటువైపు ప్రభుత్వాన్ని అడిగితే వీళ్లూ వినలేదు.

పదకొండు రోజులు లారీలు రోడ్డు పక్కనే నిలబడిపోయాయి. అవతలి ఆస్పత్రిలో సెలైన్ అయిపోయిందని రోజూ రేడియో సెట్‌లో చెప్పేవారు. ఆ టెన్షన్‌లో నాకు నిద్ర పట్టేది కాదు. చివరికి మా సీనియర్ ఒకావిడ దారి చూపించారు. రెండు పక్షాలకీ రెండు వేర్వేరు ఉత్తరాలు రాశారు. వాటిలో ఊరి పేరు లేదు, జిల్లా పేరు లేదు. ఫలానా వంతెన నుంచి ఇన్ని కిలోమీటర్ల వరకు అని మాత్రమే ఉంది. రెండు చోట్లా ముద్ర పడింది.

ఆ తర్వాత ఈ చరిత్ర ఎక్కడ తిరగేసినా నాకు ఆ ఉత్తరాలే కనిపించాయి. ఒకరినొకరు గుర్తించని పక్షాలు, ఆ గుర్తింపు గొడవ జోలికి పోకుండా ఒక పని మీద ఒప్పుకోవడానికి సహాయం దారి ఇస్తుంది. దౌత్యంలో దాని అసలు పాత్ర ఇదేనని నా నమ్మకం.

1914లో బెల్జియాన్ని చూడండి. దేశంలో చాలా భాగం జర్మనీ ఆక్రమణలో ఉంది. తినే తిండిలో ఎక్కువ భాగం బయటి నుంచే రావాలి, సముద్రంలో బ్రిటన్ దిగ్బంధం పెట్టింది. ఆక్రమించినవాడే తిండి పెట్టాలని బ్రిటన్, ఓడల్ని ఆపినవాడిదే బాధ్యత అని జర్మనీ. అప్పట్లో లండన్‌లో ఉన్న అమెరికన్ గనుల ఇంజనీరు హెర్బర్ట్ హూవర్ ఆ అక్టోబర్‌లో బెల్జియం సహాయ కమిషన్‌ను మొదలుపెట్టారు. తెచ్చిన ఆహారాన్ని సైన్యం లాక్కోదని జర్మనీ నుంచి రాతపూర్వకంగా హామీ తీసుకున్నారు. ఆ హామీ చూసి బ్రిటన్ ఓడల్ని వదిలింది. శత్రువులిద్దరూ మాట ఇచ్చుకున్నది కమిషన్‌కే, నేరుగా ఒకరికొకరు కాదు. మధ్యలో అమెరికా, స్పెయిన్ రాయబారులు నిలబడ్డారు. జలాంతర్గాములకు దూరం నుంచే కనిపించేలా ఓడల పక్కల మీద పెద్ద అక్షరాలతో కమిషన్ పేరు రాసేవారు. సరుకు రాటర్‌డామ్ రేవులో దిగి, కాలువల్లో పడవల మీద లోపలికి వెళ్లేది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక లోపలున్న అమెరికన్లు బయటికి రావాల్సి వచ్చింది. వాళ్ల బాధ్యతలు స్పెయిన్, నెదర్లాండ్స్ వాళ్లు తీసుకున్నారు, సరఫరా మాత్రం ఆగలేదు. తటస్థుడు మారినా పని నడిచేలా ముందే కట్టుకున్న ఏర్పాటు అది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

1921లో రష్యాలో కరువు వచ్చింది. సోవియట్ ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించలేదు, 1933 దాకా గుర్తించదు కూడా. అయినా ఆగస్టు 20న లాత్వియా రాజధాని రీగాలో ఒప్పందం కుదిరింది. సోవియట్ల తరఫున వాళ్ల దౌత్యవేత్త లిత్వినోవ్ సంతకం చేశారు. అటువైపు సంతకం అమెరికా ప్రభుత్వానిది కాదు, హూవర్ నడిపిన అమెరికన్ రిలీఫ్ అడ్మినిస్ట్రేషన్‌ది. రష్యా జైళ్లలో ఉన్న అమెరికన్లను వదిలితేనే సాయం అని ముందే షరతు పెట్టారు. ఆకలితో ఉన్నవాళ్ల ముందు షరతులేమిటని మొదట్లో నాకు కోపం వచ్చేది. ఆ బేరం నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. కానీ 1922 వేసవికి రోజుకు కోటి మందికి పైగా ఆ తిండి తిన్నారు.

మా చెక్‌పోస్ట్ సమస్యకు చట్టంలో కూడా జవాబుందని చాలా ఆలస్యంగా తెలిసింది. యుద్ధంలో పాటించాల్సిన నియమాలు చెప్పే 1949 జెనీవా ఒప్పందాలు నాలుగింటికీ ఉమ్మడిగా ఉండే మూడో అధికరణం అంతర్యుద్ధాల గురించి. దాని చివరి వాక్యం ప్రకారం ఈ నియమాలు పాటించినంత మాత్రాన ఆయా పక్షాల చట్టపరమైన హోదా మారదు. అంటే పాటించినా ఎదుటివాడిని గుర్తించినట్టు కాదు. ఆ వాక్యం ముందే తెలిసుంటే ఆ అధికారి చేతిలో పెట్టేవాడిని.

ఇది ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పలేను. నైజీరియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న బయాఫ్రా యుద్ధంలో (1967-70) సరిగ్గా ఈ గుర్తింపు గొడవ దగ్గరే పని చెడింది. ఆహారం తమ భూభాగం మీదుగా, తమ తనిఖీతో వెళ్లాలని నైజీరియా పట్టుబట్టింది. ఒప్పుకుంటే నైజీరియా అధికారాన్ని ఒప్పుకున్నట్టేనని బయాఫ్రా నాయకత్వం భావించింది, తిండిలో విషం కలుపుతారన్న భయం కూడా ఉంది. దాంతో విమానాలు రాత్రిపూట ఊలీ అనే చోట, రోడ్డునే రన్‌వేగా మార్చిన చోట దిగేవి. ఆయుధాల విమానాలు దిగేది కూడా అక్కడే. 1969 జూన్‌లో రెడ్‌క్రాస్ సహాయ విమానం ఒకదాన్ని నైజీరియా కూల్చేసింది. రెండు వైపులా గౌరవం కోసం పంతం సాగుతుంటే చనిపోయింది ఎక్కువగా పిల్లలు.

సహాయమే ఒత్తిడిగా మారిన సందర్భాలూ ఉన్నాయి. 1987 జూన్‌లో, శ్రీలంకలో యుద్ధం మధ్య చిక్కుకున్న తమిళుల ప్రాంతం జాఫ్నాకు భారత్ సహాయ సరుకుతో పంపిన పడవల్ని శ్రీలంక నౌకాదళం తిప్పి పంపింది. మర్నాడే, 4వ తేదీన, మిరాజ్ యుద్ధవిమానాల రక్షణలో మన రవాణా విమానాలు వెళ్లి పై నుంచి సరుకు జారవిడిచాయి. సుమారు 25 టన్నులు. అంతమంది జనానికి అదెంత? కొలంబోకు పంపిన సందేశమే అందులో పెద్ద భాగం. జూలై 29న రెండు దేశాల మధ్య ఒప్పందం జరిగింది. దాన్ని బెల్జియంతో ఒకే గాటన కట్టకండి. అక్కడ సహాయం చేసేవాడికి యుద్ధంలో పక్షం లేదు, ఇక్కడ ఉంది.

ఎక్కడి నుంచి చదవాలి అని కూడా అడిగారు కదా, రీగా ఒప్పందం పాఠంతో మొదలుపెట్టండి. చదివేటప్పుడు ఎవరు ఎవరి పేరున సంతకం పెట్టారో, ఏ పేర్లు రాయకుండా వదిలేశారో గమనించండి.