పెద్ద పొట్టేలుకు పుట్టిన పిల్లలు దానంత ఎందుకు తూగవు?

అన్నా, మందలో అన్నిటికన్నా బరువైన పొట్టేలును విత్తనానికి ఉంచినా పిల్లలు దానంత తూగలేదు, దాన్ని అమ్మేయాలా అని అడిగారు. తొందరపడి అమ్మొద్దు. పిల్లలు తండ్రంత తూగకపోవడం మామూలే, దాన్ని బట్టి విత్తనం మంచిది కాదని చెప్పలేం.

మాది కళ్యాణదుర్గం వైపు, జోడిపి గొర్రెలు. ఒంటి రంగులాంటి వాటిని కొద్ది జన్యువులే నడిపిస్తాయి. బరువు అలా కాదు. దాని వెనక లెక్కలేనన్ని జన్యువులు, వాటికి తోడు తల్లి పాలు, మేత, పుట్టిన కాలం, పడిన జబ్బులు. గొర్రెకూ గొర్రెకూ ఉన్న బరువు తేడాలో పిల్లలకు దిగే జన్యువుల వాటా ఎంతో చెప్పేదే హెరిటబిలిటీ. గొర్రెల్లో మూడు నెలల బరువుకు అది 0.2, 0.3 మధ్యన, కవలలు ఈనే గుణానికి 0.1 దగ్గర ఉంటుందనుకోవచ్చు.

లెక్క వేసి చూడండి. మూడు నెలలకు మంద సగటు 12 కిలోలు, మీ పొట్టేలు ఆ వయసులో 18 తూగింది అనుకుందాం. తేడా 6. తల్లులు సగటువే కాబట్టి తల్లిదండ్రుల తేడా సగటున 3. దాన్ని 0.25తో గుణిస్తే 0.75. అంటే పిల్లల సగటు 12.75 కిలోలు, 18 కాదు! ముప్పావు కిలో కంటికి ఆనదు, నిజమే. కానీ మేతతో పెంచిన బరువు కరువొస్తే పోతుంది, ఇది మందలో నిలుస్తుంది.

అసలు చిక్కు ఎంపికలోనే ఉంది. మేం పొద్దున్నే, మంద తోలకముందు, పిల్లను గోనెసంచిలో కూర్చోబెట్టి కొక్కెం తూకానికి తగిలిస్తాం. ఒంటి పిల్లకు వీపున ఒక రంగు చుక్క, కవలకు రెండు. ఒక ఈతలో ఒంటి పిల్లల సగటు 14 కిలోలు, కవలల సగటు పదిన్నర వచ్చింది. 15 తూగిన ఒంటి పిల్లను కాదని 13 తూగిన కవల పొట్టేలు పిల్లను ఉంచాం. "ఈ బక్కదాన్ని ఎందుకప్పా ఉంచినావు?" అన్నారు పక్క మందవాళ్లు. ఒంటిది తన సాటివాటికన్నా కిలో మాత్రమే ఎక్కువ. కవలది సగం పాలు తాగి కూడా తన సాటివాటికన్నా రెండున్నర కిలోలు ఎక్కువ. తర్వాత దాని పిల్లలు అదే నెలలో పుట్టిన మిగతావాటిని దాటాయి. డిసెంబరులో ఈనిన పిల్లను ఏప్రిల్ పిల్లతో పోల్చినా ఇలాగే తప్పు లెక్క వస్తుంది. ఒకే కాలం, ఒకే మేత, ఒకే రకం పుట్టుక ఉన్నవాటినే పక్కపక్కన పెట్టాలి. సంతలో మాత్రం అందరూ ఒళ్లు చూసే ధర కడతారు, అది నాకు బాధే.

మీ పొట్టేలు సంగతి తేల్చేది దాని పిల్లలే. ఇద్దరు ముగ్గురిని చూసి తీర్పు చెప్పొద్దు. హెరిటబిలిటీ 0.25 ఉన్నప్పుడు, వేర్వేరు తల్లులకు పుట్టిన అయిదు పిల్లల సగటు ఎంత నమ్మకమైనదో, పొట్టేలు సొంత బరువూ అంతే నమ్మకమైనది. రెండింటికీ కచ్చితత్వం 0.5 (1 అంటే పూర్తి నమ్మకం). పదిహేను పిల్లలైతే అది 0.7 దాటుతుంది. కాబట్టి పదిహేనింటిని తూచి, అదే నెలలో వేరే పొట్టేలుకు పుట్టిన పిల్లలతో పోల్చండి. వాటి సగటును దాటకపోతే అప్పుడు అమ్మండి.

దాటితే ఉంచుకోండి, కానీ దాని కూతుళ్లు కట్టే వయసుకొచ్చేలోపు పొట్టేలును మార్చాలి. తండ్రి కూతురినే కడితే పుట్టే పిల్లలో రక్తసంబంధం 25 శాతం, పిల్లలు బలహీనంగా పుట్టే, చచ్చే ముప్పు పెరుగుతుంది. మేం రెండేళ్లకోసారి దూరపు ఊరి మందతో పొట్టేళ్లు మార్చుకుంటాం. ఇచ్చేటప్పుడు తూకం రాసిన నోటుబుక్కు పేజీ కూడా చూపిస్తాం, వాళ్ల దగ్గర కూడా అడుగుతాం.